'చెప్పు' అంటే నోరు మూసుకున్న పిల్ల

కొత్తగా టీచర్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి" అని అడుగుతుంటారు. రిటైరైనవాళ్ల దగ్గర మాటలకు కరువుండదు, వినేవాళ్లకే కరువు. అందుకని దొరికినవాళ్లను నేను అంత తేలిగ్గా వదలను. అయితే నా ఘనకార్యాలు మాత్రం చెప్పను. అవన్నీ నా సన్మానపత్రంలో ఉన్నాయి, వాటిలో సగం నేనెప్పుడు చేశానో నాకే తెలియదు. నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి చెబుతాను. అది ఏ పత్రంలోనూ లేదు. ఒక్క కాగితంలో ఉంది, అది నేనే రాసిచ్చాను.

ముందు నా గొంతు సంగతి. మా ఆయన నాతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకుంటాడు. మా బడిలో మైకు చెడిపోయి నాలుగేళ్లయినా బాగు చేయించాలని ఎవరికీ తోచలేదు, అవసరం పడలేదు గనక. పిల్లల్ని అదుపులో పెట్టడానికి దేవుడిచ్చిన వరమనుకునేదాన్ని దాన్ని.

నా సర్వీసులో చివరి అయిదేళ్లు తోటపల్లి గూడూరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. బడికి మూడు వైపులా రొయ్యల గుంటలు, నాలుగో వైపు రోడ్డు. గాలి ఇటు తిరిగితే మేత వాసన, అటు తిరిగితే సముద్రం వాసన. గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు పొద్దస్తమానం వినబడుతూనే ఉంటుంది. ఆ చప్పుడును మించి పాఠం చెప్పాలి కాబట్టి నా గొంతు అక్కడ ఇంకాస్త పెరిగింది.

సిబ్బంది ముగ్గురం. నేను, ఒక సారు, మధ్యాహ్నం వంట చేసే ఆయమ్మ. సారు మంచివాడే. లెక్కలు బాగా చెప్పేవాడు, మెలకువగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకుంటే తప్ప ఆయన బండి నడిచేది కాదు. కానీ ఫోను పనుల్లో ఆయనను మించినవాడు మండలంలో లేడు. మరుగుదొడ్డి ఫొటో, కోడిగుడ్డు ఫొటో, పిల్లల ముఖాల ఫొటో, ఏది ఎక్కడికి ఎక్కించాలో ఆయనకే తెలుసు. పైనుంచి ఏ వివరం అడిగినా ముందు మా బడిదే వెళ్లిపోయేది. ఆ వేగం చూసి నేను మురిసిపోయేదాన్ని. ఈ కథలో మా కొంప ముంచింది ఆ వేగమే.

ఆయమ్మ అంతకుముందు పదేళ్లు రొయ్యల ఒలుపు షెడ్డులో చేసింది. చర్చి పాటలు పాడుకుంటూ పప్పు తిరగమాత వేసేది. నా గొంతుకు భయపడని మనిషి బడిలో ఆమె ఒక్కతే.

ఒక జూలై నెలలో గుంటల మేస్త్రీ మోటారుసైకిలు మీద ఒక పిల్లను తెచ్చి దించాడు. "ఒరిస్సావోళ్ల బిడ్డ మేడం. వాళ్ల నాయన మా గుంట కాడ మేతేస్తాడు, వాళ్లమ్మ షెడ్డులో ఒలుస్తాది. చేర్చుకోండి" అని, నేను నోరు తెరిచేలోగా వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లుంటాయి పిల్లకు. నూనె కారేలా దువ్విన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. చెప్పులు విడిచి, రెండూ ఒక వరసలో పెట్టి లోపలికి వచ్చింది. మా పిల్లలు చెప్పులు విసిరేసి వస్తారు, ఎవరివి ఎవరు తొడుక్కుపోతారో సాయంత్రం దాకా తేలదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

"పేరేంది?" అన్నాను. పలకలేదు. "పేరు చెప్పు" అన్నాను. పెదాలు బిగించింది. "చెప్పు!" అన్నాను. చేతులు కట్టుకుంది. "చెప్పు! చెప్పు!" అన్నాను. వేలు తీసి పెదాల మీద అడ్డంగా పెట్టుకుని నిటారుగా నిలబడింది.

భాష రానివాళ్లకు గట్టిగా అరిస్తే అర్థమవుతుందని మనకొక నమ్మకం. మూడు నెలలపాటు ఆ నమ్మకాన్ని నేను ఎంతో నిష్ఠగా పాటించాను. రోజూ ఒకసారి ఆ పిల్లను లేపి, బోర్డు మీద అక్షరం చూపించి, "చెప్పు!" అనేదాన్ని. అన్న మరుక్షణం ఆమె పెదాలు అతుక్కుపోయేవి. అంత వినయంగా నిలబడి అంత మొండికేసే పిల్లను నా సర్వీసులో చూడలేదు. పోనీ తెలివి లేదా అంటే, పలక మీద లెక్కలు టకటకా చేసేది. తెలుగు అక్షరాలు నాకంటే గుండ్రంగా రాసేది. నోరు ఒక్కటే తెరిచేది కాదు.

"మేడం, ఇది మూగ కేసు" అన్నాడు సారు ఒక రోజు.

"అంతేనంటారా?"

"ఇంకేంది మేడం? మీరు అరిస్తే గుంటల్లో రొయ్యలే ఎగిరిపడతాండాయి, ఈ పిల్ల పలకలేదంటే ఇంగ మూగది గాక ఏంది?"

నాకు సబబుగానే తోచింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల వివరాలు పంపమని ఆ వారమే ఉత్తర్వు వచ్చి ఉంది. నేను సరే అన్నానో లేదో సారు ఫోనులో ఎక్కించేశాడు. తల్లి సంతకం కావాలన్నారు. కబురు పెట్టాం.

తల్లి షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. ఐసు నీళ్లలో నాని నాని వేళ్లు తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. నేను కూతురి వైపు చూపించి, వేలు పెదాల మీద పెట్టి, తల అడ్డంగా ఊపి, చేతులు తిప్పి, మీ అమ్మాయి అసలు నోరే తెరవడం లేదని నానా అవస్థలు పడి అభినయించాను. నాటకాల్లో వేషాలు కట్టినా అంత కష్టపడి ఉండను. ఆ తల్లి ముఖం వెలిగిపోయింది! తనూ వేలు పెదాల మీద పెట్టుకుని, నవ్వుతూ, కూతురి వీపు తట్టింది.

"చూసినారా మేడం, తల్లే ఒప్పుకునేసింది" అన్నాడు సారు.

వేలిముద్ర వేయించుకుందామని ఇంకు ప్యాడ్ సిద్ధం చేసి పెట్టాను. ఆమె ప్యాడ్‌ను పక్కకు జరిపి, సారు జేబులోంచి పెన్ను అందుకుని, గుండ్రటి ఒరియా అక్షరాలతో నింపాదిగా సంతకం చేసింది. కూతురి రాత ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. కాస్త సిగ్గేసింది కూడా. అయినా ఆగలేదు.

ఆగమని చెప్పిన మనిషి ఒక్కతే. "మూగదంట! యాడ మూగది మేడం? నా కాడ లొడలొడా మాట్లాడతా ఉండాది" అంది ఆయమ్మ, బియ్యం ఏరుతూ.

"ఒరియాలోనా?"

"ఏమో నాకేం తెలుసు. నేను మన మాట మాట్లాడతా, అది వాళ్ల మాట మాట్లాడతాది. మా ఇద్దరికీ బాగానే ఉండాది."

"మరి తరగతిలో ఎందుకు మాట్లాడదు?"

"మీరు అరస్తే నాకే మాట రాదు, ఆ బిడ్డకి యాడొస్తాది?"

నాకు ఒళ్లు మండింది. ముప్పైమూడేళ్ల సర్వీసున్న నాకు పప్పు గరిటె పాఠం చెబుతుందా అనుకుని, కూరలో ఉప్పు ఎక్కువైందని ఒక మాట అని వచ్చేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

అలా పేర్లు పంపిన పిల్లల్ని పరీక్షించడానికి వైద్య శిబిరం మండల కేంద్రంలో పెట్టారు. ఆ పొద్దున ఆయమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఈసారి వేళాకోళం లేదు. "మేడం, ఈ బిడ్డని ఈ బడిలోంచి తీసి నెల్లూరులో మూగోళ్ల హాస్టల్లో ఏస్తారని వాళ్లమ్మకి మేస్త్రీ చెప్పినాడంట. ఆమె రాతిరంతా ఏడ్చినాదంట. బిడ్డని యాడికీ పంపను, నాతో షెడ్డుకి తోలకపోతానంటాండాది. ఆ ఐసు నీళ్లల్లో చేతులు పెట్టినాక ఇంగ పలక పట్టుకుంటాదా?"

శిబిరంలో ముద్ర పడితే ఆ రాత బడి రికార్డుల్లో పిల్ల నంబరు వెంట ఏ ఊరికి పోతే ఆ ఊరికి పోతుంది. ముద్ర పడకముందే పిల్ల షెడ్డుకు పోయేలా ఉంది. నేను చేసింది మేలు అనుకుంటూనే ఉన్నాను, కానీ ఆయమ్మను వదిలి వెళ్లే ధైర్యం లేకపోయింది. "నువ్వు కూడా రా అక్కా" అన్నాను. ఆమెను అక్కా అనడం అదే మొదటిసారి.

ఆటోలో నేను, తల్లి, పిల్ల, ఆయమ్మ. వెనక బండి మీద కాగితాలతో సారు. శిబిరంలో కూర్చున్న డాక్టరమ్మ చిన్నపిల్ల, ఉత్తరాదిలో ఎక్కడో చదువుకుని వచ్చిందట. ఆమె మా పిల్ల వెనక నిలబడి చిన్నగా చిటికె వేసింది. పిల్ల తల తిప్పింది. ఇంకా దూరం పోయి వేసింది. మళ్లీ తిప్పింది.

"చెవులు బ్రహ్మాండం" అంది డాక్టరమ్మ. "నీ పేరు చెప్పు తల్లీ."

పెదాలు బిగుసుకున్నాయి. వెంటనే అక్కడున్న అటెండరు "చెప్పు పాపా" అన్నాడు. కాగితాలు రాసే ఆయన "చెప్పు చెప్పు" అన్నాడు. సారు అన్నాడు. నేను ఊరుకుంటానా, గోడ మీది క్యాలెండర్ కదిలేలా "చెప్పు!" అన్నాను. పిల్ల వేలు పెదాల మీదికి వెళ్లిపోయింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ వేలు తియ్యలేదు.

డాక్టరమ్మ ఆ వేలు వైపు చూసి, తల్లి వైపు తిరిగి హిందీలో ఏదో అడిగింది. తల్లి వచ్చీరాని హిందీలో, ఎంతో గర్వంగా, నన్ను చూపించి, "మేడం బోలీ, చుప్. బేటీ చుప్" అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "మేడం, మీరు చెప్పు అంటుంటే ఈ పిల్లకు చుప్ అని వినబడుతోంది. వాళ్ల భాషలోనూ చుప్ అంటే నోరు మూసుకోమనే" అంది.

పదో తరగతి దాకా నేనూ హిందీ చదివాను. పాసు మార్కులకు ఎంత రావాలో అంతే వచ్చింది.

తల్లి ఇంకా చెబుతోంది, డాక్టరమ్మ నవ్వాపుకుంటూ తెలుగులో చెబుతోంది. పిల్ల రోజూ ఇంటికి వెళ్లి అమ్మకు బడి కబుర్లు చెబుతుందట. ఈ ఊరి పిల్లలు బొత్తిగా భయభక్తులు లేనివాళ్లట. మేడం అంత గట్టిగా చుప్ అంటుందా, అన్న మరుక్షణం వాళ్లు లేచి మాట్లాడ్డం మొదలుపెడతారట. పైగా మేడం వాళ్లనే శభాష్ అంటుందట. మేడం మాట వినేది బడి మొత్తానికి తనొక్కతేనట. తనకు ఎందుకు శభాష్ చెప్పడం లేదో తెలియక, ఇంకా గట్టిగా నోరు మూసుకుంటోందట.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వు ముందొచ్చింది, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మూడు నెలలు ఆ పసిది నా మాట జవదాటకుండా ఉంది. నేను దాన్ని మూగదని రాసి పంపాను.

అక్కణ్నుంచి పేర్లు నమోదు చేసే అధికారి బల్ల దగ్గరికి వెళ్లాం. పేరు తీసేయమన్నాను. ఆయన కంప్యూటర్లో చూసి తల పట్టుకున్నాడు. "తీయాలంటే కారణం ఇవ్వాల మేడం. ఇందులో మూడే ఉండాయి. చికిత్సతో నయమైంది, వలస పోయింది, చనిపోయింది."

"నాలుగోది లేదా?"

"ఏందది?"

"మేడం పొరపాటు."

"లేదు మేడం. ఎవరూ అడగలా ఇంతవరకూ" అని, గొంతు తగ్గించి, "నయమైందని పెట్టేద్దాం. మీకూ మాట రాదు" అన్నాడు.

సారు కళ్లు మెరిశాయి. నిజం చెబుతున్నాను, నావీ మెరిశాయి. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది, విచారణ అంటే ఎవరికి సరదా? వెనక నుంచి ఆయమ్మ అంది: "అట్టా పెడితే రేపట్నించి రోగులందరూ మీ కాడికే ప్రార్థనకొస్తారు మేడం."

నేను తెల్ల కాగితం అడిగి తీసుకున్నాను. 'ఈ విద్యార్థినికి ఏ లోపమూ లేదు. ప్రధానోపాధ్యాయురాలు పిల్లకు తెలియని భాషలో అరిచి, పిల్ల మూగదని పొరబడినది' అని రాసి సంతకం పెట్టాను. సారు "మేడం, మేడం" అంటూ చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన పేరు అందులో రాయలేదు. రాద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

అధికారి కాగితం రెండుసార్లు చదివాడు. "బాగుంది మేడం. కానీ బిడ్డ నా ముందర మాట్లాడాల గదా. లేకపోతే నేనేమని రాసేది?"

మళ్లీ అందరూ పిల్లను చూశారు. చెప్పు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, కొరికి పట్టుకున్నాను. తల్లి దగ్గరికి వెళ్లి సైగలతో అడిగాను, మాట్లాడు అనడానికి మీ భాషలో ఏమంటారని. "కుహ" అంది. నేను పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను. నా మోకాళ్లు నేల మీద కూర్చుని నాలుగేళ్లయింది. నా జన్మలో ఎన్నడూ లేనంత మెల్లగా, "కుహ" అన్నాను.

పిల్ల వేలు తీసింది. తల్లిని చూసింది, నన్ను చూసింది. తర్వాత ఒరియాలో కాదు, తెలుగులో, అది కూడా అచ్చం ఆయమ్మ తెలుగులో, గంట కొట్టినట్టు అంది: "మేడం అరస్తాది. సారు నిద్రపోతాడు."

అధికారి సారును చూశాడు. సారు పైన ఫ్యాను తిరుగుతోందా లేదా అని చూశాడు. అధికారి 'మాట స్పష్టంగా ఉంది' అని రాసి స్టాంపు కొట్టాడు.

మర్నాడు తరగతిలో పిల్లల్ని నిలదీశాను. "ఈ పిల్లకు మాటలొస్తాయని మీకు తెలుసా?"

"తెలుసు మేడం. గుంట కాడ మాతో ఆడతాది గదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలా మేడం."

నిజమే. మేం అన్ని రకాల ఫారాలు నింపాం, పక్కన కూర్చున్న పిల్లను అడగలేదు. సంజాయిషీ నోటీసు నెల తిరక్కుండా వచ్చింది. నా కాగితంలో రాసిందే మళ్లీ రాసి పంపాను.

ఆ తర్వాత మా బడిలో పెద్ద విప్లవమేమీ రాలేదు. తల్లిదండ్రుల సమావేశం శుక్రవారం పదకొండు గంటలకు పెట్టేవాళ్లం, కుర్చీలు తప్ప ఎవరూ వచ్చేవాళ్లు కాదు. గుంటల మనుషులకు అది మేతవేసే వేళ, షెడ్డు మనుషులకు సరుకు దిగే వేళ. ఆయమ్మను అడిగితే షెడ్డు సెలవు ఎప్పుడో చెప్పింది. ఆదివారం సాయంత్రానికి మార్చాం. మొదటిసారి పదిహేనుమంది ఒరియా, బెంగాలీ తల్లులొచ్చారు. మా తెలుగు తల్లులు ఒక పక్క, వాళ్లొక పక్క కూర్చుని చీరలు చూసుకున్నారు. నేను ఉపన్యాసం మొదలుపెడితే సారు, "మేడం, కుహ కాదు, చుప్" అన్నాడు చెవిలో. ఊరుకున్నాను. పావుగంటకు వాళ్లే మాట్లాడుకున్నారు, ఎక్కువ సైగలు, తక్కువ మాటలు. ఆ ఒరియా తల్లి వారానికొక రోజు వచ్చి వాళ్ల అక్షరాలు బోర్డు మీద రాసి పెట్టేది. వాటి పక్కన మన అక్షరాలు రాసేదాన్ని. మా పిల్లలకు ఆ గుండ్రాలు సరదా. కొన్నాళ్లకు బడి మొత్తం "కుహ మేడం, కుహ" అని నన్ను ఆడుకోవడం మొదలైంది. సారు మధ్యాహ్నం పూట ఒక వారం మేలుకొని ఉన్నాడు.

పిల్ల ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర మా దగ్గర చదివింది. మాట్లాడింది. ఎంత మాట్లాడిందంటే, వెనక బెంచీలో కబుర్లాపమని ఒరియాలో ఏమనాలో నేను నేర్చుకోనక్కర్లేకపోయింది, ముందునుంచే తెలుసు కదా.

నేను రిటైరయ్యే నెలలోనే గుంటలకు తెగులు తగిలింది. రొయ్య తేలిపోయింది, ఓనరు గుంటలు ఎండగట్టేశాడు. వాళ్ల నాయనకు తమిళనాడు వైపు ఎక్కడో పని దొరికింది. తల్లి వచ్చి టీసీ అడిగింది. కొత్త ఊరు, కొత్త భాష, అక్కడ నాలాంటి గొంతు ఏం అరుస్తుందో, ఈ పిల్లకు ఏం వినబడుతుందో! టీసీలో 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంటుంది, ఎవరూ నింపరు. అందులో రాశాను: 'ఈ పిల్లకు మాటలు బాగా వచ్చు. దయచేసి ముందు మీరు కాసేపు ఊరుకోండి.' తమిళ హెడ్మాస్టరుకు తెలుగు చదవడం రాదని తర్వాత గుర్తొచ్చి ఇంగ్లీషులో కూడా రాశాను. గడి చాలక పక్కకు పాకింది.

గేటు దగ్గర ఆటోలో సామాన్లు సర్దారు. ఆయమ్మ డబ్బాలో పులిహోర పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పిల్ల ఆటో ఎక్కబోయి, దిగి, నా ముందుకు వచ్చింది. ఏదో ఒకటి అనాలి. ముప్పైఅయిదేళ్లుగా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అరుస్తూ బతికిన దాన్ని. నోరు తెరిచాను, మళ్లీ మూశాను. ఏరియేటర్లు కూడా ఆగిపోయి ఉన్నాయి, గుంటల మీద ఏ చప్పుడూ లేదు.

పిల్ల కాసేపు తలెత్తి నన్నే చూసింది. నాకు మాట రావడం లేదని దానికి అర్థమైంది. తర్వాత, నేను దానికి నేర్పిన మొదటి మాటను, అండీ గిండీ ఏమీ లేకుండా నేను నేర్పినట్టే, కానీ నేనెప్పుడూ అననంత మెల్లగా అంది:

"చెప్పు మేడం."

నేను చుప్‌గా నిలబడ్డాను.